మొదటి గుంజ

"మొదటి గుంజ ఎవరు నాటారు?"

ముసలాయన మూడోసారి అడిగాడు. ఇంట్లో ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి ఇంకా చెప్పులైనా విడవలేదు. పక్క పరిచి ఉంచారు, అటు చూడలేదు. వంటపని చేసే ఖైరున్‌బీ ఖర్జూరాలూ కావా కాఫీ తెచ్చి పెట్టింది, ముట్టలేదు. నేరుగా వెనక తలుపు తీసుకుని సముద్రం వైపు నిలబడ్డాడు. ఎదురుగా నీళ్లలో కొత్త రెల్లుదడి, ఒడ్డునుంచి లోపలికంటా, ఒక్క వంకర లేకుండా నిలబడి ఉంది. కిందటి ఏడాది పుచ్చిపోయిన పాత దడి ఆనవాలు కూడా లేదు.

ఖైరున్‌బీ మొగుడు హుస్సేన్ వలికి ఈ మౌనం అర్థం కాలేదు. బాబా మెచ్చుకుంటాడని పొద్దుటినుంచి కాచుకుని కూర్చున్నాడు పాపం. ఈ పూట కోసమని ఉతికిన చొక్కా కూడా తొడుక్కున్నాడు.

"నేనే బాబా," అన్నాడు ముందుకొచ్చి, కాస్త గొప్పగానే. "మొదటిదీ నేనే, చివరిదీ నేనే. ఒక్కడినే కట్టాను. మీరు నేర్పిన ముడే వేశాను."

ముసలాయన అతనివైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా గడప మీద కూలబడ్డాడు.

లోపలి గదిలోంచి ముసలాయన భార్య మామా గొంతెత్తి ఏడ్చింది. అలిగిన ఆడది ఏడ్చే ఏడుపు కాదు. ఇంట్లోంచి శవం లేచేటప్పుడు ఏడ్చే ఏడుపు.

వలి బిత్తరపోయాడు. పెళ్లాం వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"ఏమైందిమే? మామా యాల ఏడుస్తాంది?"

ఖైరున్‌బీ కావా కూజా మూత సర్దుతోంది. సర్దిన మూతనే మళ్లీ సర్దింది.

"నాకేం తెల్సు," అంది తలెత్తకుండా.

* * *

బూ ఖరీఫ్ ఎప్పుడూ గొప్ప ఊరు కాదు. సముద్రపు రాయీ బంకమన్నూ కలిపి కట్టిన ఇళ్లు, ఒక చిన్న మసీదు, ఉప్పదనం వదలని ఒక బావి. ఇంతే ఊరంటే. ఈ ముసలాయన, బూ ఫహద్, పుట్టిన నాటికి ఊళ్లో మగవాళ్లంతా ఎండాకాలం ముత్యాలకు మునిగేవాళ్లు, చలికాలం దడుల్లో చేపలు ఏరేవాళ్లు. దూరదేశాల వాళ్లు ముత్యాలను కూడా పంటలా పండించడం నేర్చుకున్నాక మునిగే పని పోయింది. నేలలో నూనె పడ్డాక పడవల పని పోయింది. బూ ఫహద్ ఒకప్పుడు పెద్ద పడవకు నోఖదా, అంటే దాని మీద అందరికీ పెద్ద. ఆ పడవ ఒడ్డునే ఎండి, పగిలి, ఏదో చలికాలం పొయ్యిలోకి పోయింది.

తర్వాత సర్కారు కొత్త కాలనీల్లో ఇళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరినీ తరమలేదు. తరిమితే ఆ జనం తిరగబడి ఉండేవాళ్లేమో. చల్లగాలి యంత్రాలు పెట్టిన ఇళ్లు చూపించి రమ్మన్నారు. అంతే, ఊరు ఊరంతా మూటా ముల్లె సర్దుకుంది. ఖాళీ అయిన ఇంటి మీదికి వారం తిరక్కుండా యంత్రం వచ్చేది. ఈ పంతొమ్మిది వందల ఎనభై రెండో సంవత్సరానికి బూ ఖరీఫ్ అంటే మిగిలింది ఒక ఇల్లు, ఒక హద్రా.

హద్రా అంటే ఏమీ లేదు, చేపల దడి. నీళ్లలో గుంజలు నాటి, రెల్లు అల్లి, పాము చుట్టలా తిప్పి చివర ఒక గది కడతారు. పోటు మీద చేప దడి వెంబడే వచ్చి ఆ గదిలో దూరుతుంది. పాటుకు నీళ్లు వెనక్కి పోతాయి, చేప ఉండిపోతుంది. మనిషి మోకాలి లోతులో నడిచి వెళ్లి బుట్టకెత్తుకోవడమే. రెల్లు ఏడాదికి కుళ్లిపోతుంది కాబట్టి ప్రతి ఏడూ, సుహైల్ చుక్క పొడిచి ఎండలు విరిగాక, కొత్తది కట్టాలి.

బూ ఫహద్ ఒక్కగానొక్క కొడుకు ఫహద్. ఏదో ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నాడు. అతనికి సబా అల్ సలేం కాలనీలో ఇల్లొచ్చింది. తండ్రిని రమ్మని రంజాను నుంచీ పోరుతున్నాడు. "నా హద్రా నిలబడి ఉన్నంతకాలం నేనూ ఇక్కడే నిలబడి ఉంటాను," అని ముసలాయన ఒకే మాట. ఆ మాట మీదే మన వలీ ఖైరున్‌బీల కాపురం కూడా నిలబడి ఉంది.

ఎందుకంటే ఈ మొగుడూ పెళ్లాలు రాయచోటి వదిలి ఈ అరబ్బు దేశానికి వచ్చిన కొత్తలో ఆమె మిష్రిఫ్‌లో ఒక విల్లాలో, అతను దజీజ్‌లో ఒక గోడౌన్లో పనికి ఉండేవాళ్లు. శుక్రవారం పూట బస్టాపులో నిలబడి కాపురం చేశారు. అదీ ఒక కాపురమేనా! మామా జాలిపడి ఇద్దరినీ ఈ ఇంటికి రప్పించింది. వలల గది ఇచ్చింది. ఆ గదిలో ఇప్పటికీ చేపల వాసన పోదు, అయినా ఖైరున్‌బీ దానికి రంగు కాగితాలంటించి, కుండీలో పుదీనా పెంచి, తన ఇల్లు అని పేరు పెట్టుకుంది.

సముద్రమన్నది కంటితో చూడని వలి ఆ ఇంట్లో హద్రా పని నేర్చాడు. ముసలాయన చెయ్యిపట్టి నేర్పాడు. కొడుక్కు నేర్పాలనుకున్నదంతా ఇతనికి నేర్పాడు, కొడుకు రాలేదు మరి.

ఈ ఏడు ఆయన గుండెనొప్పితో ఆస్పత్రిలో పడ్డాడు. సుహైల్ పొడిచింది. ఒడ్డును రాళ్లతో పూడ్చి రోడ్డు వేసే పనిలో రాజంపేట చిన్నపుల్లయ్య ఉన్నాడు. అతను వచ్చి చెప్పాడు.

"వలీ, ఖాళీగా ఉండే జాగాలన్నీ పూడ్చమన్నారప్పా మా మేస్త్రీ. నిలబడుండే దడి జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దన్నారు. మీ ముసలాయన దడి ఈ ఏడు లేస్తాదా, లేయదా?"

వలి మరి ఆలోచించలేదు, దడి లేపడానికి పూనుకున్నాడు. అతని తండ్రి రాయచోటి పక్కన ఒక రెడ్డి దగ్గర సేద్యగాడు. ఏరువాక నాడు రెడ్డికి జ్వరమొస్తే మొదటి సాలు సేద్యగాడే తోలేవాడు. అది తప్పని ఎవరూ అనుకోరు. నమ్మకస్తుడని కొత్త పంచె పెడతారు. వలికి తెలిసిన న్యాయం అది. ప్రతి ఏడూ మొదటి గుంజ బాబానే నాటడం చూశాడు గానీ, ముసలాయన ముచ్చట అనుకున్నాడే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

* * *

"ఇలా కూర్చో," అన్నాడు బూ ఫహద్. ఆ ఇంట్లో మాటలన్నీ అరబ్బీలోనే.

వలి గడప కింద ఇసుకలో కూర్చున్నాడు.

"మా తాత పోయిన మూడో నాడు మా నాన్న మొదటి గుంజ నాటాడు. మా నాన్న పోయిన మూడో నాడు నేను నాటాను. ఊరంతా ఒడ్డున నిలబడి చూసేవాళ్లు. కొత్త చెయ్యి సుత్తి ఎత్తితే, పాత చెయ్యి ఇక లేదని అర్థం. అప్పుడే అందరూ మా ఇంటికొచ్చి పరామర్శ చేశారు. అంతకుముందు చెయ్యరు. నాటినవాడు తన తర్వాత నాటే చెయ్యి ఎవరిదో ఆ రోజే పేరు చెప్పాలి. నేను ఫహద్ పేరు చెప్పాను. వాడప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు."

వలి ఇసుకలో ముందుకు జరిగాడు.

"మీరు ఆస్పత్రిలో ఉన్నారు కదా బాబా. అందుకని..."

"ఆస్పత్రిలోనే ఉన్నాను. గోరీలో లేను."

"మీరు నాటలేని ఏడాది ఎట్లా మరి?"

"నాటలేని ఏడాది ఖాళీగా ఉంచుతాం. యజమాని కోలుకున్నాక నాటుతాడు. మా నాన్న ఒకసారి రెండేళ్లు మంచాన ఉన్నాడు. రెండేళ్లూ మేం పక్కింటి చేపే తిన్నాం. నేను కుర్రాణ్ని, బలంగా ఉన్నాను, నాటగలను. నాటానా?"

"పీకేస్తాను బాబా. ఇప్పుడే పోయి పీకేస్తాను. నాకు తెలీదు. అల్లా మీద ఒట్టు, తెలీదు."

లేవబోయాడు. ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ముట్టుకోకు. బాగా కట్టావు. దూరం నుంచి చూసి నేనే కట్టానేమో, మరిచిపోయానేమో అనుకున్నాను."

ఆ మాటతో వలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఊళ్లో ఎవరున్నారు బాబా చూడ్డానికి? ఎవరికి తెలుస్తుంది? అందరూ పోయారు కదా."

"నేను చూశాను," అన్నాడు బూ ఫహద్.

 మామా ఏడుపు ఆపి ముక్కు చీదుకోవడం వినిపించింది. ఖైరున్‌బీ వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది. వంటింట్లో ఆమెకు ఆ క్షణాన పనేమీ లేదు.

* * *

ఫహద్ కారు వచ్చి ఆగింది. వెనకే సామాను కోసం ఒక పికప్ కూడా తెచ్చాడు. ఇవాళ తండ్రిని ఎత్తుకునైనా పోవాలని నిశ్చయించుకుని వచ్చినట్టుంది. మెట్టెక్కుతూనే మొదలుపెట్టాడు.

"నాన్నా, డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు. ఈ చెమ్మలో, ఈ దుమ్ములో..."

"సామాను ఎక్కించు," అన్నాడు బూ ఫహద్.

ఫహద్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"వస్తావా?"

"వస్తాను. ఖలాస్. ఇక్కడ నాకేం పనుంది?"

కొడుకు వంగి తండ్రి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. పాపం, అతనిది నిజమైన సంతోషమే. ఎన్ని నెలలుగా అడుగుతున్నాడో. తండ్రి ఎందుకు ఒప్పుకున్నాడని అడగాలని మాత్రం తోచలేదు. దడి వైపు ఒకసారి చూశాడు. ఆ కొత్త రెల్లులో అతనికి కనబడవలసింది కనబడలేదు. తన పేరు చెప్పి నిలబెట్టిన హద్రా ఇంకొకడి చేతికి పోయిందని తెలియకుండానే పెట్టెలు మోయించడం మొదలుపెట్టాడు.

పరుపులూ పెట్టెలూ పికప్ ఎక్కాయి. మామా ప్రార్థన చాప చంకన పెట్టుకుని నిలబడింది. అప్పుడు ఫహద్ వలిని పక్కకు పిలిచాడు. పక్కకు అంటే ఎంత పక్కకు, అందరికీ వినపడేంత పక్కకు.

"వలి, మా నాన్నను నువ్వు బాగా చూసుకున్నావు. అల్లా నీకు మేలు చేస్తాడు. సబా అల్ సలేంలో సముద్రం లేదు. నీకు కారు నడపడం రాదు. శుక్రవారం బొంబాయి విమానం ఉంది, మాట్లాడాను. అప్పటిదాకా ఇక్కడే పడుకో. ఖైరున్‌బీ అమ్మతో వస్తుంది."

వలి తల ఊపాడు. అర్థమై ఊపాడో, అర్థం కాక ఊపాడో చెప్పలేం. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తల ఊపడం అతనికి అలవాటు.

వంటింట్లోంచి ఖైరున్‌బీ దూసుకొచ్చింది. కొంగు జారిన సంగతి కూడా చూసుకోలేదు.

"మాటిచ్చావు!" అని అరిచింది అరబ్బీలో. "వల్లా అని ఒట్టు పెట్టావు! ముసలాయన కదిలితే చాలు, ఇద్దరినీ ఉంచుకుంటానన్నావు. గేటు దగ్గర పని ఇస్తానన్నావు. ఈ గుమ్మంలోనే కదా చెప్పావు!"

"చెప్పాను," అన్నాడు ఫహద్ ఇబ్బందిగా. "అప్పటికి అనుకున్నాను. ఇంట్లో ఆడపిల్లలున్నారు, మగ పనివాడు వద్దంది నా భార్య. ఏం చెయ్యమంటావు? యల్లా, కదలండి, ఆలస్యమవుతోంది."

ఖైరున్‌బీ ఇంకా ఏదో అనబోయింది. వలి ముఖం చూసి ఆగిపోయింది.

"ఏం మాటమే?" అన్నాడు వలి. "ముసలాయన కదిల్తే అంటాండావు. ఆయప్ప కదల్తాడని నీకెట్ల తెల్సు?"

ఆమె జారిన కొంగు సర్దుకుంది.

"నిన్నే అడుగుతాండా."

అప్పుడు గడప మీదినుంచి బూ ఫహద్ గొంతు వినిపించింది.

"ఇంకా కదలడానికి లేదు. కొత్త యజమాని మొదటి పాటుకు పట్టిన చేప పోయినవాడి ఇంట్లో వండాలి. తిన్నాక బయలుదేరుదాం. వలి, బుట్ట తీసుకో."

ఫహద్ గడియారం చూసుకున్నాడు. తండ్రితో మళ్లీ మొదటికొస్తుందేమోనని భయపడి ఊరుకున్నాడు.

* * *

నీళ్లు బాగా వెనక్కి పోయాయి. వలి పైజామా పైకి మడిచి దడి వెంట నడిచాడు. చివరి గదిలో చేప కుతకుతలాడుతోంది. అన్నీ మేద్ చేపలే, బలిసినవి. ఇన్నేళ్లలో ఒక పాటుకు ఇంత చేప అతను చూడలేదు. ఇంకే రోజైనా అయితే ఇక్కణ్నుంచే బాబాను కేక వేసేవాడు. వంగి ఒక్కొక్కటే బుట్టలో వేశాడు.

అటువైపు రాళ్ల గుట్ట మీదినుంచి చిన్నపుల్లయ్య చెయ్యి ఊపాడు.

"పెద్దాయన సామాను ఎత్తేస్తాండాడంట గదా వలీ! అట్లయితే శనివారం మేము ఈడికే వస్తాము. ఇంట్లో మనిషుంటేనేప్పా దడికి అడ్డు!"

వలి చెయ్యి ఊపలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి ఖైరున్‌బీ కత్తీ పళ్లెమూ పట్టుకుని ఇసుకలో కూర్చుని ఉంది. చేపలు ఆమె ముందు దించాడు. ఆమె ఒకటి తీసుకుని పొలుసు గీకడం మొదలుపెట్టింది.

"మొదటి గుంజ నా చేతికిచ్చింది నువ్వే గదా," అన్నాడు.

కత్తి ఆగలేదు.

"రెల్లు నేను మోసుకొచ్చినా. గుంజలు ఆడ పెట్టినా. ఏది మొదట నాటాలని నిలబడుకోనుంటే నువ్వే ఏరి ఇస్తివి. బిస్మిల్లా అని కొట్టమన్నెది నువ్వే. నా పెండ్లాం దగ్గరుండి ఇస్తాంది, మంచి పనే జేస్తాండా అనుకుంటి."

"చేప చల్లారిపోతాది. పోనీ నన్ను."

"చచ్చిన చేపకు చల్లారేదేముండాది! నీకు ముందే తెల్సా?"

ఆమె కత్తి పక్కన పెట్టింది. చేతులకంటిన పొలుసు ఇసుకలో రుద్దుకుంది.

"తెల్సు."

"ఎవరు చెప్పినారు?"

"మామా. పోయిన చలికాలం చేపలు కడుగుతా చెప్పింది. మొగుడు బతికుండంగ ఇంగో చెయ్యి గుంజ నాటితే ఆ మొగుడింగ లేనట్టే లెక్కంట. ఆయమ్మ మామగారు పోయినప్పుడు ఎట్ల జరిగిందో అంతా చెప్పింది."

"తెల్సీ ఇచ్చినావా."

"ఇస్తి."

వలి ఇసుకలో చతికిలబడ్డాడు. కొట్టే మగవాడైతే కొట్టి ఉండేవాడు. అతనికి అది చేతకాదు. చేతకాని మగవాళ్ల మౌనం దెబ్బకన్నా ఘోరం, ఖైరున్‌బీ ఆ మౌనం భరించలేక తనే మొదలుపెట్టింది.

"నన్నేం జెయ్యమంటావు? ఆయప్ప ఈడ్నే కూచుంటాడు, సచ్చేదాకా కూచుంటాడు. ఆ కొడుకేమో ముసలోడు కదలకపోతే మనిద్దరి ఇఖామా కాయితాలు తీసేస్తానంటాండాడు. మనకు పూచీ ఉండే కఫీల్ ఇప్పుడు ఆయనే గదా, తీసెయ్యలేడా? మల్లా నేనొక కొంపలో, నువ్వొక గోడౌన్లో. శుక్రవారం శుక్రవారం ఎండలో బస్టాపులో నిలబడి మాట్లాడుకుంటిమే, మర్చిపోయినావా? ఎవరన్నా చూస్తారేమోనని నీ చెయ్యన్నా పట్టుకోకపోతిని. నా మొగుని చెయ్యి నేను పట్టుకోను భయపడితిని!"

"ఆ మాట నాకు చెప్పకూడదా?"

"చెప్తే నాటుదువా?"

వలి నాటి ఉండడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పిల్లలా, వాళ్లూ లేరు. వాళ్ల మొగం చూసుకోని ఓర్చుకుందామంటే. నాకుండేది నువ్వొక్కనివే. నిన్ను నా దగ్గరుంచుకోవాలనే చేసినా. ఇంగ దేనికీ కాదు. ఆయప్పకు కూడా మంచిదే అనుకుంటి, ఆడ ఏసీ ఉండాది, పక్కనే ఆస్పత్రి ఉండాది."

"నాకు జరమొస్తే ఆయప్ప తన పక్కలో పండబెట్టుకున్యాడు. గుర్తుండాదా?"

"గుర్తుండాది."

"ఆయప్పను నా చేత్తోనే చంపించినావు."

"యోవ్! అంత మాట అనద్దు."

"ఆయప్పే అంటాండాడు, నేను గాదు."

తప్పెవరిదో తేల్చడానికి మనమేమీ కాజీలం కాదు. కాజీ అయినా ఈ ఆడమనిషి ముందు కూర్చుంటే తీర్పు చెప్పలేడు. మొగుణ్ని దక్కించుకోవడానికి ఆమె పట్టిన దారి ఒక్కటే, ఆ దారే అతన్ని ఆమెకు దూరం చేసింది. ఖైరున్‌బీ వెక్కుతూనే చేపలు కడిగింది. వలి కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. కడిగిన చేప బుట్ట ఎత్తుకోవడానికి ఆమె తడబడితే, ఎప్పుడూ చెయ్యి వేసేవాడు, ఈసారి వెయ్యలేదు.

* * *

మామా గిన్నెలన్నీ పికప్ ఎక్కించేసింది కాబట్టి మిగిలిన ఒక్క డేగిసాలోనే అన్నమూ చేపా కలిపి వండారు. ఖాళీ గదిలో చాప పరిచారు. వలి ఎప్పటిలా చాప చివర కూర్చోబోతే బూ ఫహద్ ఒప్పుకోలేదు. తన చోటు చూపించాడు. గోడకు ఆనుకుని, సముద్రం కనబడేలా ఉండే చోటు.

"అక్కడ కూర్చో. యజమాని చోటు అది."

వలి ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ముసలాయన తన చేత్తో చేప పొట్టభాగం విరిచి అతని ముందు పెట్టాడు. ఫహద్‌కు పెట్టాడు. ఆడవాళ్ల పళ్లెం లోపలికి పంపాడు. తాను చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరు తినండి బాబా," అన్నాడు వలి.

"పోయినవాడు తింటాడా?" అని నవ్వాడు ముసలాయన. ఇవాళ నవ్వడం అదే మొదలు.

"ఏమిటీ మాటలు నాన్నా?" అని విసుక్కున్నాడు ఫహద్. అతనికి ఆకలిగా ఉంది, గబగబా తిన్నాడు. చేప చాలా బాగుందన్నాడు కూడా.

వలి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. యజమాని తినకపోతే చాప మీద కూర్చున్నవాళ్లు లేవకూడదని ముసలాయన చెప్పాడు. అందుకని తిన్నాడు. ప్రతి ముద్దా దిగలేక దిగింది. ఖైరున్‌బీ తలుపు చాటునుంచి చూస్తోంది. ఆమె చేతి వంట అతను మెచ్చుకోకుండా తిన్న రోజు అంతకుముందు లేదు.

చేతులు కడిగారు. చాప చుట్టారు. ఆ చాప కూడా పికప్ ఎక్కింది.

బూ ఫహద్ ఇల్లంతా తిరిగి చూస్తాడని అందరూ అనుకున్నారు. చూడలేదు. కర్ర పట్టుకుని నేరుగా కారు దగ్గరికి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. మామా వెనక ఎక్కింది. ఖైరున్‌బీ వలల గదిలోంచి తన మూట తెచ్చుకుంది. పుదీనా కుండీ గుమ్మంలోనే పెట్టేసింది. ఒక కాలు కారులో పెట్టి, ఒక కాలు నేల మీదే ఉంచి, మొగుడి వైపు చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూపు. దిగమన్నా దిగేది. కఫీలూ ఇఖామా అన్నీ సముద్రంలో పారేసి దిగేది, శుక్రవారం అతనితోపాటు విమానం ఎక్కేది. అంత నిశ్చయం ఆమె కళ్లలో ఉంది. వలి ఆ కళ్లను చూడటం లేదు.

ఫహద్ ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఆగు," అన్నాడు ముసలాయన. కిటికీ అద్దం దించి వలిని దగ్గరికి పిలిచాడు.

"ఒకటి మిగిలిపోయింది. నాటినవాడు తన తర్వాత చెయ్యి ఎవరిదో చెప్పాలి. నువ్వింకా పేరు చెప్పలేదు."

"ఈ దడి శనివారం దాకా ఉండదు బాబా. రాళ్లు పోస్తారట."

"ఉండేదాకా ఉంటుంది. పేరు చెప్పు. చెప్పకపోతే నా తాత నుంచి వచ్చింది నీ దగ్గర తెగిపోతుంది." ముసలాయన వెనక సీటు వైపు తల తిప్పాడు. "ఆడచెయ్యి అయినా ఫరవాలేదు. మా మేనత్త నాటింది ఒకసారి."

మామా ఖైరున్‌బీ చెయ్యి నొక్కింది. ఖైరున్‌బీ ముందుకు వంగింది. అరబ్బీ ఆమెకు ప్రతి ముక్కా తెలుసు.

వలి పొద్దుటినుంచీ మొదటిసారి పెళ్లాం ముఖం సూటిగా చూశాడు. ఆమె చేతుల మీద చేప పొలుసు ఇంకా అంటుకుని ఉంది. చూసి, తల తిప్పుకుని, దడి వైపు చూశాడు. పోటు తిరిగింది, నీళ్లు అప్పుడే గుంజల మొదళ్లకు వస్తున్నాయి.

"ఎవరూ లేరు బాబా," అన్నాడు.

ఖైరున్‌బీ రెండో కాలు కూడా లోపలికి తీసుకుంది. తలుపు తనే వేసుకుంది.